గద్వాల నేలలో లోతు బంగారం: డ్రిల్లింగ్ యంత్రం వస్తే గని వచ్చినట్టేనా?

తమ్మీ, నువ్వు అడిగినవి మూడు. గద్వాల దగ్గర మీ ఊరి పక్క చేన్లో ఏటవాలుగా నిలబెట్టిన బోరు యంత్రం రాత్రింబగళ్లు నడుస్తోంది, బంగారం కోసం కిలోమీటరు లోతు దాకా పోతామని కూలీలు అంటున్నారు, అంత లోతున నిజంగా బంగారం ఉంటుందా, ఉంటే పైనుంచి ఎట్లా తెలుస్తుంది అనేది మొదటిది. మీ నాన్న వేయించిన నీళ్ల బోరులో మెరిసే పొడి పడింది, అది బంగారమేనా అనేది రెండోది. సీడ్ పత్తి వేసే ఐదెకరాలు పోతాయా, లేక రేటు పెరిగేదాకా అమ్మకుండా ఆగాలా అనేది మూడోది. నేను బంగారం అన్వేషణలోనే ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ని. రెండోదానికి జవాబు చిన్నది కాబట్టి ముందు అది చెప్పేస్తా.

మెరిసే పొడి నూటికి తొంభైతొమ్మిది పాళ్లు అభ్రకం. పాలమూరు కింద ఎక్కువగా ఉన్నది గ్రానైటే. అందులో నల్ల అభ్రకం పొరలు ఉంటాయి. బోరు సుత్తి దెబ్బకు అవి చిట్లి, కాస్త పసుపుగా తళుక్కుమంటాయి. కొన్నిచోట్ల పైరైట్ కూడా వస్తుంది, అది ఇనుము, గంధకం కలిసిన ఖనిజం. పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. పొడిని తెల్ల పళ్లెంలో వేసి కడిగి, మెరిసే రేణువును సూదిమొనతో నొక్కి చూడు. అభ్రకమైతే రేకుగా లేస్తుంది. పైరైట్ అయితే పొడి అవుతుంది. బంగారమైతే చిట్లదు, సొట్టపడుతుంది. పళ్లాన్ని నీడలోకి జరిపినా బంగారం పసుపుపచ్చగానే కనబడుతుంది, మిగతావి ఎండకు తిప్పినప్పుడే మెరుస్తాయి. ఒకవేళ అది బంగారమే అయినా ఏ లోతు నుంచి వచ్చిందో నీళ్ల బోరు చెప్పలేదు. గాలి పంపి పైకి ఊదే పొడిలో దారిలోని రాళ్లన్నీ కలిసిపోతాయి.

ఇక అసలు సంగతి. లోతున బంగారం ఉందా అంటే, ఉంటుంది. ప్రతి రాతిలోనూ ఉంటుంది, టన్నుకు కొన్ని మిల్లీగ్రాముల లెక్కన. మీ ఇంటి పునాది రాయిలో కూడా ఉంది. తవ్వకానికి పనికిరావాలంటే అది వెయ్యి రెట్లు చిక్కబడి, టన్నుకు కొన్ని గ్రాములై, ఒకే దారిలో తెగకుండా సాగి ఉండాలి. ఆ యంత్రం తేల్చడానికి వచ్చింది అదే: పైన కనబడిన జాడ కిందికి సాగిందా, మధ్యలోనే తెగిపోయిందా అని.

మీ దగ్గరే ఎందుకు వెతుకుతున్నారో మీ చేన్లో రాళ్లే చెప్తాయి. పాలమూరు అంతా గ్రానైట్ అన్నాను కదా, దాని మధ్యలో గద్వాల మీదుగా తుంగభద్ర దాటి కర్నూలు వైపు పోయే సన్నని నల్లరాతి పట్టీ ఒకటుంది. దాన్ని గద్వాల షిస్ట్ బెల్ట్ అంటారు. నల్లగొండ జిల్లా పెద్దవూర దగ్గర ఇట్లాంటిదే చిన్నది ఇంకొకటి ఉంది. 250 కోట్ల ఏళ్లకు పైబడిన కాలంలో సముద్రం అడుగున పారిన లావా, తర్వాత నలిగి, మడతపడి ఇట్లా మిగిలింది. దక్షిణాదిలో పేరున్న బంగారు గనులు కోలార్, హట్టి, రామగిరి అన్నీ ఇట్లాంటి నల్లరాతి పట్టీల్లోవే. హట్టి మనకు దూరం కూడా కాదు, రాయచూరు జిల్లాలో ఉంది. 1956 దాకా రాయచూరు హైదరాబాద్ రాష్ట్రంలోదే, 1947లో ఆ గని కంపెనీ పెట్టినప్పుడు దాని పేరు హైదరాబాద్ గోల్డ్ మైన్స్. అదే బెల్టులో మస్కి అనే ఊరుంది. 1915లో నిజాం రాజ్యంలో బంగారం వెతుకుతూ తిరిగిన బీడన్ అనే ఇంజనీరుకు అక్కడ ఒక బండ మీద రాతలు కనబడ్డాయి. అశోకుడి పేరు స్పష్టంగా చెక్కి ఉన్న శాసనం అట్లా బయటపడింది. బంగారం కోసం పోయినవాళ్లకు చరిత్ర దొరికిన సందర్భం నాకు తెలిసి అదొక్కటే.

బంగారం ఆ పట్టీల్లోకి ఎట్లా చేరిందంటే, భూమి లోపల చాలా లోతు నుంచి 250 నుంచి 400 డిగ్రీల వేడి నీళ్లు, గంధకాన్నీ కొద్దిగా బంగారాన్నీ కరిగించుకుని పైకి వచ్చాయి. రాళ్లు ఒకదాన్నొకటి ఒరుసుకుని నలిగిన పగుళ్లే వాటికి దారి. ఇనుము ఎక్కువగా ఉన్న నల్లరాయి తగిలితే నీళ్లలోని గంధకం ఆ ఇనుముతో కలిసి పైరైట్‌గా మారుతుంది. గంధకం పోయాక బంగారం నీళ్లలో నిలవలేక అక్కడే రాలిపోతుంది. ఆ పగుళ్లలోనే పలుగురాయి (క్వార్ట్జ్) పేరుకుంటుంది. సర్వే వాళ్లు మీ గట్ల మీది పలుగురాళ్లను సంచుల్లో కట్టుకుపోయింది అందుకే. అయితే పాలలాగా తెల్లగా ఉండే పలుగు మాకు అంత ఇష్టం ఉండదు. పొగ పట్టినట్టు బూడిద, నీలం చాయలో ఉండి, అంచుల్లో నల్ల గీతలు, సన్నటి పైరైట్ చుక్కలు ఉన్న రాయి దొరికితే ఆగి చూస్తాం.

ఈ దారులు చాలా లోతుకు పోతాయి, కిలోమీటరు, రెండు కిలోమీటర్లు, ఇంకా ఎక్కువ. కోలార్‌లో 3 కిలోమీటర్లు దాటి, దాదాపు 3,200 మీటర్ల దాకా తవ్వుతూ పోయారు. నూట ఇరవై ఏళ్లలో 800 టన్నులకు పైగా బంగారం తీశారు. ఆఖరికి 2001 ఫిబ్రవరిలో మూసేసే నాటికి బంగారం అయిపోలేదు, తీసే ఖర్చు మించిపోయింది. అడుగున రాయి వేడి 65 డిగ్రీల దాకా ఉండేది. పైనున్న రాతి బరువుకు సొరంగం గోడలు పేలినట్టు పగిలేవి, రాక్ బరస్ట్ అంటారు దాన్ని. కాబట్టి కిలోమీటరు లోతు అంటే మన పనిలో ఆశ్చర్యపడే లోతేమీ కాదు. హట్టి గని ఇప్పుడు నడుస్తున్నదే దాదాపు ఆ లోతులో. అదే హట్టిలో రెండు వేల ఏళ్ల కింద, డైనమైట్ లేని రోజుల్లో, రాతిని మంటతో కాల్చి నీళ్లు చల్లి పగలగొడుతూ ఇంచుమించు 200 మీటర్లు దిగారు మన పూర్వీకులు. వాళ్లు వాడిన కట్టెల వయసు కట్టి చెప్పిన మాట ఇది.

పైనుంచి ఎట్లా తెలుస్తుంది అన్నావు. సూటిగా చెప్తున్నా, భూమిలో బంగారాన్ని నేరుగా చూపించే యంత్రం ప్రపంచంలో లేదు. టన్ను రాయి అంటే పక్కకు 70 సెంటీమీటర్లు ఉన్న బండ. మంచి గనిలో టన్నుకు 4 గ్రాములు ఉంటే, ఆ బండ మొత్తంలో బంగారం బఠాణీ గింజంత, అది కూడా కంటికి ఆనని రేణువులుగా చెదిరి ఉంటుంది. దాన్ని వందల మీటర్ల మందం రాతి పైనుంచి ఏ యంత్రమూ పట్టలేదు. శాటిలైట్‌తో బంగారం చూశాం అనేవాడు, రాడ్డు పట్టుకుని గుప్తనిధి చూపిస్తా అనేవాడు ఇద్దరూ ఒకే బాపతు. మన జిల్లాల్లో ఈ రెండోవాళ్ల మాట విని పాత గుళ్లు తవ్వి కేసుల్లో ఇరుక్కున్నవాళ్లు తక్కువేం లేరు.

కాబట్టి మేం వెతికేది బంగారంతో తిరిగే తోడువాళ్లను. మట్టిలో ఆర్సెనిక్ ఎక్కడ పెరిగిందో చూస్తాం, బంగారం కంటే అది దొరకడం సులువు. భూమిలోకి కరెంటు పంపి, ఆపేశాక ఏ భాగం కాసేపు ఛార్జి పట్టుకుని ఉందో కొలుస్తాం. పైరైట్ లాంటివి ఉన్నచోట అట్లా జరుగుతుంది, ఐపీ సర్వే అంటారు. చేలల్లో వైర్లు పరిచి, గుంజలు పాతి తిరిగినవాళ్లు వాళ్లే అయ్యుంటారు. అయస్కాంత కొలతలతో నల్లరాతి పట్టీ ఎక్కడ విరిగింది, ఎక్కడ వంగింది అనేది తెలుస్తుంది. 2017 నుంచి కేంద్ర ప్రభుత్వ భూగర్భ సర్వే సంస్థ జీఎస్ఐ వాళ్లు దేశమంతా విమానాలతో ఈ కొలతలు తీయిస్తున్నారు. కానీ లోతు పెరిగేకొద్దీ ఇవన్నీ మసకబారతాయి. మూడు, నాలుగు వందల మీటర్లు దాటితే ఐపీని గట్టిగా నమ్మలేం. దక్షిణాఫ్రికాలో భూకంప తరంగాలతో కిలోమీటర్ల లోతున బంగారు పొర జాడ పట్టారు. అక్కడ పొర పరుపులాగా వాలి ఉంటుంది కాబట్టి తరంగం తిరిగొస్తుంది. మనకు బంగారం ఉండేది దాదాపు నిలువుగా నిలబడ్డ పలుగు గోడల్లో, తరంగం పక్కకు జారిపోతుంది. అందుకని మన దగ్గర లోతు సంగతి తేలాలంటే బోరు వేసి రాయిని బయటికి తీయక తప్పదు.

యంత్రం ఎందుకు ఏటవాలుగా ఉందో కూడా ఇప్పుడు అర్థమవుతుంది. గోడ నిలువుగా ఉంటే నిలువు బోరు దాన్ని తాకకుండా పక్కనుంచి పోవచ్చు. అడ్డంగా కోయాలంటే వంచాలి. ఈ బోరు నీళ్ల బోరు లాంటిది కాదు. చివర వజ్రపు పొడి పొదిగిన ఉంగరంలాంటి బిట్ ఉంటుంది. అది అంచును మాత్రమే అరగదీస్తుంది, మధ్యలో రాయి కడ్డీలాగా మిగులుతుంది. దాన్ని కోర్ అంటాం. ఎక్కువగా వాడే ఎన్‌క్యూ సైజులో ఆ కడ్డీ 47.6 మిల్లీమీటర్ల లావు. లోపలి గొట్టాన్ని వైరుతో పైకి లాగి, కడ్డీని బయటికి జార్చి, గాడులున్న పెట్టెల్లో వరసగా పేరుస్తారు. గొట్టాన్ని పైకి లాగిన ప్రతిసారీ, ఆ కడ్డీ చివర లోతు రాసిన చెక్కముక్క పెడతారు. ఆ చెక్కముక్క పక్కకు జరిగిందంటే తర్వాత లెక్కంతా తప్పుతుంది కాబట్టి, కోర్ పెట్టెను ఎవరన్నా దాటుకుంటూ పోతే మాకు ఎక్కడలేని కోపం వస్తుంది. మీ ఊరి పిల్లలు ముచ్చటగా ఉందని ఒక ముక్క జేబులో వేసుకుంటే వాళ్లకు అది రాయి. మాకు ఆ మీటరు పోయినట్టే. ఈ మాట మీ వాళ్లకు చెప్పు.

వెయ్యి మీటర్ల బోరుకు పెద్ద గొడవ దారి తప్పడం. రాతి పొరలు బిట్‌ను తమ వైపు లాగుతాయి. మొదటి నుంచి 3 డిగ్రీలు పక్కకు పోయిందంటే అడుగున 50 మీటర్ల పైచిలుకు తేడా వస్తుంది. మనం వెతికే గోడ మందం చూస్తే రెండు మీటర్లు. అందుకే ముప్పై, యాభై మీటర్లకోసారి లోపలికి కొలత పరికరం దించి బోరు ఎటు పోతోందో చూస్తారు. అంత లోతుకు మళ్లీ మళ్లీ పైనుంచి వేయడం ఖర్చు కాబట్టి, ఒక తల్లి బోరు వేసి, లోపల ఉక్కు ముక్కతో పక్కకు తిప్పి, దాన్నుంచి రెండు మూడు పిల్ల బోర్లు తీస్తారు. ఒకే యంత్రం నెలల తరబడి ఒకేచోట ఉందంటే భయపడాల్సింది లేదు, పిల్ల బోర్లు తీస్తున్నారేమో.

కోర్‌ను నిలువునా రెండుగా కోసి సగం ల్యాబుకు పంపి, సగం దాచిపెడతారు. దాచిన సగమే రేపు ఎవరైనా అనుమానపడితే సాక్ష్యం. ఇండోనేషియాలో బుసాంగ్ అనే చోట బ్రె-ఎక్స్ అనే కెనడా కంపెనీ నమూనాల్లో బంగారం పొడి కలిపి ప్రపంచాన్నే నమ్మించింది. 1997లో బండారం బయటపడి షేర్లు కొన్నవాళ్లు మునిగిపోయారు. వాళ్లు కోర్‌లో సగం దాచకుండా మొత్తం నలగ్గొట్టేశారు. అదే పెద్ద అనుమానం కావాల్సింది. ల్యాబులో రాయిని మైదాపిండి కంటే మెత్తగా నూరి, 30 లేదా 50 గ్రాములు తీసి, సీసపు పొడి, సోడా, వెలిగారం కలిపి మూసలో వెయ్యి డిగ్రీల మీద కరిగిస్తారు. సీసం బంగారాన్ని పోగుచేసుకుని అడుగున గుండుగా చేరుతుంది. ఆ గుండును ఇంకో మూసలో పెట్టి కాలిస్తే సీసం మూసలోకి ఇంకిపోయి, గుండుసూది తల కంటే చిన్న పూస మిగులుతుంది. అవుసలోళ్లు పుటం పెట్టడం చూసినవాళ్లకు ఇందులో కొత్త ఏమీ ఉండదు. ఆ పూసను నైట్రిక్ ఆమ్లంలో వేసి వెండి తీసేసి మిగిలింది తూస్తే లెక్క వస్తుంది.

ఒక బోరులో బాగా వచ్చిందనుకో. ఏమీ తేలనట్టే. బంగారం పలుగులో సమానంగా పరుచుకుని ఉండదు. ఒకచోట చిన్న రవ్వ తగిలితే ఆ మీటరు లెక్క 50 గ్రాములు చూపిస్తుంది, అడుగు పక్కన సున్నా. గోడ కూడా ఒకచోట ఉబ్బి, ఒకచోట సన్నబడి, ఒకచోట విరిగి పక్కకు జరిగి ఉంటుంది. కాబట్టి పక్కన ఇంకో బోరు, దాని కింద ఇంకోటి, ఇట్లా గళ్లు గళ్లుగా వేసుకుంటూ పోవాలి. లెక్క ఒకటి చెప్తా చూడు. గోడ పొడవు 500 మీటర్లు, లోతు 500 మీటర్లు, మందం 2 మీటర్లు, టన్నుకు 4 గ్రాములు, అన్నీ అనుకున్నట్టే ఉన్నాయనుకో. రాయి 14 లక్షల టన్నులు, అందులో బంగారం 5.6 టన్నులు. మన దేశం ఏడాదికి వాడే బంగారం 700, 800 టన్నులు. అంటే అంత గని మొత్తం తవ్వినా దేశానికి మూడు రోజుల వాడకం. అయినా ఎందుకు వెతుకుతారంటే, 2025లో పది గ్రాములు లక్ష దాటింది. ఆ రేటున 4 గ్రాములున్న టన్ను రాయి విలువ 40 వేలు. పాతికేళ్ల కింద దండగ అని వదిలేసిన రాయే ఇప్పుడు లెక్కకు వస్తోంది. పాత చోట్లన్నీ మళ్లీ డ్రిల్లింగ్ చేయడానికి అసలు కారణం అదే తప్ప, కొత్తగా ఎక్కడో నిధి బయటపడి కాదు.

ఇక మీ భూమి. టెన్షన్ పడకు, ఆశా పెట్టుకోకు. మన జిల్లాల్లోనే చూడు. మద్దూరు, కోటకొండ, నారాయణపేట దగ్గర వజ్రాలు ఉండే అవకాశమున్న కింబర్లైట్ అనే రాయి దొరికి ఏళ్లు గడిచాయి, గని రాలేదు. పక్కనే కర్నూలు జిల్లా జొన్నగిరి సంగతి చూడు, తొలకరికి జనం చేలల్లో వజ్రాలు ఏరుకునే ఊరు అది. అక్కడ బంగారానికి పాత తవ్వకాల జాడలు ఎప్పటి నుంచో ఉన్నాయి, బంగారం లోతులో కూడా లేదు, పైనుంచే తవ్వేది. అయినా 2013లో లీజు వచ్చాక ఉత్పత్తి దాకా రావడానికి పదేళ్లు దాటింది. లోతు గని అంటే అంతకంటే ఎక్కువ కాలమే పడుతుంది తప్ప తగ్గదు. "ఇక్కడ బంగారు గని వస్తోంది" అని చెప్పి ప్లాట్లు అమ్మేవాళ్లు ఈపాటికే దిగి ఉంటారు. వాళ్ల దగ్గర కొనకు, వాళ్లకు తక్కువకు అమ్మకు.

చట్టం సంగతి క్లుప్తంగా. పట్టా నీదైనా బంగారం తవ్వాలంటే లీజు కావాలి. లేకుండా తవ్వితే ఐదేళ్ల దాకా జైలు, హెక్టారుకు ఐదు లక్షల దాకా జరిమానా. కాబట్టి ఊర్లో ఎవరన్నా మనమే తవ్వుకుందాం అంటే వద్దను. 2015 నుంచి లీజులు వేలంలోనే ఇస్తున్నారు. 2023లో చట్టం మార్చి, లోతు ఖనిజాల కోసం అన్వేషణ లైసెన్సు అని కొత్తది తెచ్చారు. 29 ఖనిజాల జాబితాలో బంగారం కూడా ఉంది. ఆ లైసెన్సు ఉన్న కంపెనీ వెతికి చూపిస్తుంది, దొరికినచోట గని లీజును ప్రభుత్వం మళ్లీ వేలం వేస్తుంది, వెతికినవాడికి అందులో వాటా. అంటే ఇవాళ మీ చేన్లో బోరు వేసేవాడే రేపు గని పెట్టేవాడు కానక్కర్లేదు. కాబట్టి "గని వస్తే మీ ఇంట్లో ఉద్యోగం ఇస్తాం" అని బోరు వేసేవాళ్లు నోటిమాటగా చెప్పింది ఎందుకూ పనికిరాదు. గని దాకా వస్తే పర్యావరణ అనుమతికి ముందు ఊర్లో ప్రజాభిప్రాయ సేకరణ పెట్టాలి. నూరిన రాయి నుంచి బంగారాన్ని కరిగించి తీయడానికి వాడే సయనైడ్ విషం, వ్యర్థాల చెరువు, ఆర్సెనిక్ గురించి గట్టిగా అడగాల్సింది అప్పుడు. కోలార్‌లో మూడు కోట్ల టన్నులకు పైగా గని మట్టి కుప్పలుగా ఇప్పటికీ పడి ఉంది, గాలి వీస్తే ఊరంతా దుమ్మే. ఆ ఫోటోలు తీసుకుపోయి చూపించి అడగండి. బోర్లు వేసే దశలో మాత్రం సయనైడ్ వాడరు. నల్లమలలో 2019లో గొడవైన యురేనియం సంగతి వేరు, అది వేరే రాయి, వేరే లోతు. రెండింటినీ కలిపి భయపడొద్దు.

ఇప్పుడు నువ్వు చూసుకోవాల్సినవి బోరుకు సంబంధించినవే. లైసెన్సు గానీ, అనుమతి కాగితం గానీ చూపించమని అడుగు. చేన్లో పంట నష్టమైతే పరిహారం చట్టంలోనే ఉంది, ఎన్ని గుంటలు, ఏ పంట, ఏ తేదీ అని రాయించుకుని సంతకం తీసుకో. సీడ్ పత్తిలో క్రాసింగ్ చేసే (విత్తనం కోసం చేత్తో పూలకు పుప్పొడి అద్దే) రోజుల్లో దారి తొక్కిస్తే నష్టం మామూలు పత్తి లెక్కన కట్టనియ్యకు, కంపెనీతో నీ ఒప్పందం కాగితం చూపించు. యంత్రం పక్కన తవ్విన బురద గుంటలో పశువులు పడకుండా కంచె వేయించు, పోయేటప్పుడు పూడ్పించు. వాళ్ల బోరు మీ నీళ్ల బోరుకు దగ్గరలో ఉంటే, ఇప్పుడే మీ బోరు నీళ్ల మట్టం కొలిపించి, నీళ్లు పరీక్ష చేయించి కాగితం దాచుకో. తర్వాత నీళ్లు తగ్గినా, బురద వచ్చినా మాట్లాడటానికి చేతిలో ఏదో ఒకటి ఉంటుంది. పని అయ్యాక బోరును సిమెంటుతో మూసి, పైన నంబరు రాసిన దిమ్మె కడతారు. మూయకుండా కేసింగ్ (బోరులో దించిన గొట్టం) పీక్కుని పోతుంటే మాత్రం లారీ కదలనియ్యకుండా ముందు తహసీల్దారుకు ఫోన్ చెయ్యి.